చెక్కలు నవ్వాయి

కీలుంగ్ రేవు నుంచి రైల్లో బయల్దేరాం, ఐదుగురం.
కిటికీ సీటు కోసం పిన్-యాన్, బో-రుయ్ కొట్టుకున్నారు.
గెలిచింది మా అమ్మ.
ఒళ్లో బిస్కెట్ల డబ్బా, దాని మీద రెండు చేతులూ వేసి
తైపే వచ్చేదాకా ఒక్క మాటా ఆడలేదు.

నేల లోపలి స్టేషన్ నుంచి మెట్లెక్కి
(పద్దెనిమిది, అమ్మ లెక్కపెట్టింది)
పాతవాళ్లు బాంగ్కా అనే పేటలో తేలాం.
పార్కులో ముసలివాళ్లు రాతి బల్లల మీద
గుర్రాల్నీ ఏనుగుల్నీ ఠపీ ఠపీమని దించుతున్నారు.
ఓడిపోతున్నాయన చొక్కా విప్పి మెడకి చుట్టుకున్నాడు.

గుడి పక్క సందంతా పచ్చి ఆకు వాసన.
వేళ్లు, బెరళ్లు, పేరు తెలియని కట్టలు.
కొట్టావిడ అమ్మ నడక చూసి
"ఎడమదా?" అంది.
ఐదు గ్లాసుల కషాయం పోసింది.
బో-రుయ్ తన గ్లాసు నాకిచ్చాడు,
నేను రెండూ కుండీలో మొక్కకిచ్చాను.
పాపం ఆ మొక్క.

లోంగ్‌షాన్ గుడిలోకి డ్రాగన్ వైపు నుంచి వెళ్లాలి,
పులి వైపు నుంచి రావాలి.
పిన్-యాన్ అడిగింది, మధ్యలో నుంచి వెళ్తే ఏమౌతుందని.
ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇప్పుడిక్కడ అగరొత్తులు వెలిగించరు.
అమ్మ ఉత్త చేతులు ఒకసారి చూసుకుంది.
"పొగ లేకపోతే
నేనొచ్చానని ఆ తల్లికి ఎలా తెలుస్తుందిరా?"
అందుకని గ్వాన్‌యిన్ అమ్మవారికి అన్నీ విప్పి చెప్పింది:
పేరు, పుట్టిన తిథి, వీధి, ఇంటి నంబరు,
నాలుగో అంతస్తని,
లిఫ్టు లేదని.

తర్వాత నెలవంకల్లాంటి ఎర్ర చెక్కలు రెండు చేతిలోకి తీసుకుంది.
ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే సరేనని.
రెండూ బోర్లా పడితే వద్దని.
రెండూ వెల్లకిలా పడితే
అమ్మవారు నవ్విందని.

మోకాలు కోయించుకోనా?
టక్, టక. నవ్వింది.
కోయించుకోనా తల్లీ?
నవ్వింది.
మూడోసారి చెక్కలు దొర్లుకుంటూ పోయి
ఎవరో కాలేజీ కుర్రాడి బూటు దగ్గర ఆగాయి.
వాడు వంగి చూసి, మొహమాటంగా,
"నవ్వుతోందండీ" అన్నాడు.

నాకు చెమట పట్టింది.
ఆస్పత్రిలో తేదీ నేను పదిహేను రోజుల కిందే తీసుకున్నాను.
ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.
తేలిపోయిన సంగతిని అడుగుతుంటే
ఎవరికైనా నవ్వొస్తుంది కదా.

అప్పుడే ఒక దోమ, చారల కాళ్ల దోమ,
అమ్మ మోకాలి మీద వాలింది.
పిన్-యాన్ చెయ్యెత్తింది.
అమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

యుద్ధం రోజుల్లో జనం ఈ మండపంలోనే తలదాచుకునేవాళ్లట.
ఒక రాత్రి దోమలు తోడేస్తుంటే నిలవలేక
తిట్టుకుంటూ ఇళ్లకి పోయారట.
ఆ రాత్రే బాంబు పడింది.
పోయినవాళ్లలో మా అమ్మమ్మ ఉంది,
అప్పటికింకా పెళ్లి కాలేదు.

"తాగనీ," అంది అమ్మ.
"మనం బాకీ."

మేం ఐదుగురం నిలబడి
ఒక దోమ కడుపు ఎర్రబడేదాకా చూశాం.

రైల్లో డబ్బా మూత తీసింది.
అమ్మవారి ముందు పెట్టి తెచ్చిన బిస్కెట్లు
కాస్త మెత్తబడ్డాయి.
"తిన్నది ఆవిడ, మిగిలింది మనకి," అని
విరిగినవి తను తీసుకుంది.

మా మెట్ల మీద లైటు మళ్లీ పోయింది.
పిల్లలు పైకి పరిగెత్తారు.
అమ్మ రెండో అంతస్తులో ఆగి, గోడకి చెయ్యి ఆనించి,
దద్దురు మీద వేలితో రాసుకుంటూ,
నావైపు తిరక్కుండానే అడిగింది:

"ఎన్నో తారీఖుకి తీసుకున్నావు?"